చివరి బండి లాంతరు



గత మాసం ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత మా మద్రసా విద్యార్థి ఒకడు తరగతి గది గుమ్మం వద్ద నిలబడి, లోనికి రావడానికి సంకోచిస్తూ కనిపించాడు. పదహారేళ్లవాడు. మంతిఖ్ పాఠంలో చురుకైనవాడు. ఆనాడు వాడి చేతిలో కితాబు లేదు. పాత గుడ్డలో చుట్టిన సైకిల్ డైనమో ఒకటి ఉంది. రమ్మని సైగ చేస్తే వచ్చి కూర్చున్నాడు.

"హజ్రత్, ఎద్దుల చేత బండి లాగించడం జాయిజే కదా! ఆ బండి చక్రం చేత కరెంటు కూడా తీయిస్తే అది ఎద్దుల మీద జుల్మ్ అవుతుందా?" అని అడిగాడు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టి మాకు ముప్పై ఏళ్లు దాటింది. జకాత్ లెక్కలు అడిగినవారున్నారు, ఆస్తి పంపకాలు అడిగినవారున్నారు. డైనమో మసలా అడిగినవాడు మాత్రం వీడొక్కడే. విషయమేమిటని ఆరా తీశాము. వాడి తండ్రికి టైరు బండి ఉంది. పగలు ఇటుకలు, పంట చేతికొచ్చినప్పుడు వరిగడ్డి తోలుతాడు. బట్టీ నుండి ఆఖరి ఖేపు వేసుకుని వచ్చేసరికి తరచుగా చీకటి పడుతుంది. ఆ దారిలో నాలుగు కిలోమీటర్లు పెద్ద రోడ్డు. కొడుకు ఈద్ సెలవుల్లో ఇంటికి వెళ్లి బండి చక్రానికి డైనమో ఆనించి వెనుక ఎర్ర దీపం పెట్టాడు. తండ్రి రెండోనాడే దాన్ని ఊడదీశాడు. "నోరులేని జీవాలు. ఉన్న బరువు చాలదా, దీపం బరువు కూడా వాటి మెడ మీదే పెట్టాలా?" అన్నాడట. "చక్రం ఎలాగూ తిరుగుతోంది కదా హజ్రత్, ఊరికే పోతున్న తిరుగుడే కదా" అని వీడి వాదం. తండ్రీకొడుకుల మధ్య వారం రోజులుగా మాటలు లేవు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెలియకపోవడం ఒక కారణం. రెండో కారణం చెప్పాలంటే నలభై ఏళ్లకు పైగా వెనక్కు వెళ్లాలి. ఇంతవరకు ఈ శీర్షికలోనే కాదు, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి అది.

1978లో మాకు పదేళ్లు. అమ్మీకి అన్నగారు, మా మామూ, బండి మీద మిరప టిక్కీలు వేసుకుని గుంటూరు వెళ్లేవారు. ఎండ తగలకుండా రాత్రంతా ప్రయాణం. ఎనిమిదో పదో బండ్లు వరుసగా కదిలేవి. ముందు బండి ఎద్దులకు దారి తెలిస్తే చాలు, వెనుకవి వాటి అడుగుల్లోనే నడిచేవి. బండివాళ్లు టిక్కీల మీద కునుకు తీసేవారు. చివరి బండికి మాత్రం ఇరుసు దగ్గర లాంతరు వేలాడదీయడం ఆచారం. వెనుక నుంచి వచ్చే లారీలకు ఆనవాలు అదొక్కటే. ఆ రాత్రి చివరి బండి మా మామూది. లాంతరు తుడిచి, కిరసనాయిలు పోసి ఇవ్వడం మా పని. రేషన్ కిరసనాయిలు ఆ నెల తక్కువగా వచ్చింది. మక్తబ్ పాఠం వల్లెవేసుకోవడానికి మాకు బుడ్డి దీపం కావాలి. లాంతరులో సగం పోసి, మిగతా సగం దాచుకున్నాము.

తెల్లవారుజామున లాంతరు ఆరిపోయింది. వెనుక నుంచి లారీ వచ్చి కొట్టింది. కుడిపక్క ఎద్దు అక్కడికక్కడే చనిపోయింది. మామూకు మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తరువాత ఆయన చిన్న చిల్లర కొట్టు పెట్టుకుని పందొమ్మిదేళ్లు బతికారు. లాంతరు ఎందుకు ఆరిందని ఆయన ఎన్నడూ అడగలేదు. మేమూ చెప్పలేదు. మా చదువుకు మొదటి పుస్తకాలు కొనిపెట్టింది ఆయనే.

అందుకే ఆ పిల్లవాడి చేతిలోని డైనమోను చూసినప్పుడు దాన్ని కేవలం ఆటవస్తువుగా తీసిపారేయడం మా వల్ల కాలేదు. రెండు రోజుల గడువు అడిగాము.

మొదట మాకు తెలిసిన చోటే వెతికాము. మా మద్రసాల్లో నేటికీ నడుస్తున్న దర్సె నిజామీ పాఠక్రమాన్ని కూర్చినవారు లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్. ఆయన గురుపరంపర వెనక్కు వెళ్లి అమీర్ ఫత్‌హుల్లా షీరాజీ దాకా చేరుతుంది. షీరాజ్‌లో చదివి, బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షా పిలుపుపై దక్కన్‌కు వచ్చి, సుల్తాన్ మరణానంతరం 1583లో అక్బర్ దర్బారులో చేరిన పండితుడాయన. తర్కం, గణితం, ఖగోళం, యంత్రవిద్య అన్నిటిలోనూ ఆరితేరినవాడు. ఇలాహీ పంచాంగం ఆయన గణించినదే. తోడర్‌మల్‌తో కలిసి శిస్తు లెక్కలు సరిదిద్దాడు. 1589లో కాశ్మీర్‌లో కన్నుమూశాడు. మేము మంతిఖ్ చెప్పే ప్రతి సంవత్సరమూ ఆయన పేరు తలుస్తాము గాని, ఆయన చేతిపని గురించి ఏనాడూ పిల్లలకు చెప్పినవారం కాము.

ఆ చేతిపనుల్లో ఒకటి, నడుస్తూ పిండి విసిరే బండి. బండి ప్రయాణం చేస్తుంటే, లేదా సరుకు మోస్తుంటే, దాని కదలికతోనే తిరుగలి తిరిగి ధాన్యం పిండి అయ్యేది. అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో దాన్ని చక్రవర్తి కల్పనగానే రాశాడు. చరిత్రకారులు చాలామంది దాన్ని షీరాజీకే ఆపాదిస్తారు. పనివాడి పేరు మరుగున పడి ప్రభువు పేరు పైకి రావడం లోకంలో కొత్త కాదు. ఆ గ్రంథంలోనే మరో యంత్రం ప్రస్తావన ఉంది: ఒక పశువు చక్రం తిప్పుతుంటే పదహారు తుపాకీ గొట్టాలు ఒకేసారి శుభ్రపడేవట. అంతకు ముందే, 1206లో, అల్ జజరీ తన యంత్రాల గ్రంథంలో పశువు గుండ్రంగా తిరుగుతూ నీరు తోడే సాధనాలను బొమ్మలతో సహా వివరించాడు. మన ఊళ్లలో గానుగ కూడా ఆ కుటుంబానిదే. అయితే గానుగ ఎద్దు గానుగ పని తప్ప మరొకటి చేయదు. షీరాజీ బండి సంగతి వేరు. దారిన పోయే బండి దారిలోనే మరో పని చేసిపెట్టడం దాని ప్రత్యేకత. మా విద్యార్థి ఆలోచన సరిగ్గా ఇదే. అక్కడ పిండి, ఇక్కడ వెలుగు.

కాని పిండి విసిరితే ఎద్దుకు బరువు పెరుగుతుందని ఎవరైనా ఒప్పుకుంటారు. రాయి కళ్లకు కనిపిస్తుంది. కరెంటు కనిపించదు. అందువల్లే అది ఊరికే వస్తున్నట్టు తోస్తుంది. దీన్ని తేల్చుకోవడానికి మా వీధి చివర ఉండే ప్రభుత్వ ఉన్నత పాఠశాల సైన్సు మాస్టారి దగ్గరకు పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాము. ఆయనతో మాకు ఇరవై ఏళ్ల స్నేహం. మేము వచ్చిన పని విని ఆయన నవ్వి, "మౌలానా గారూ, ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. మీ చెయ్యే చెబుతుంది" అన్నారు.

సైకిలును తలకిందులుగా నిలబెట్టి, డైనమోను వెనుక టైరుకు ఆనించి, చేత్తో పెడలు తిప్పమన్నారు. బల్బు తీగ ఊడదీసి ఉంది. తిప్పాము, తేలికగానే తిరిగింది. తిప్పుతూ ఉండగానే ఆయన తీగ కలిపారు. బల్బు వెలిగింది. అదే క్షణంలో పెడలు మా అరచేతిలో బరువెక్కింది. తీగ తీశారు, తేలికైంది. మళ్లీ కలిపారు, మళ్లీ బరువు. మధ్యలో ఏ రాయీ లేదు, ఏ తాడూ లేదు. పిల్లవాడు కూడా తిప్పి చూశాడు. వాడి ముఖం చిన్నబోయింది. "అయితే అబ్బా చెప్పిందే నిజం" అన్నాడు నెమ్మదిగా.

మాస్టారు వివరించినది క్లుప్తంగా చెబుతాము. రాగి తీగ చుట్టలో అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. డైనమోలో జరిగేది అదే. చక్రం రాపిడితో చిన్న బుడుపు తిరుగుతుంది, దానితో లోపలి అయస్కాంతం తిరుగుతుంది. అయితే తీగలో విద్యుత్తు ప్రవహించడం మొదలుకాగానే ఆ తీగచుట్ట తానే ఒక అయస్కాంతమై, తిరిగే అయస్కాంతాన్ని వెనక్కు లాగుతుంది. ఎంత ఎక్కువ విద్యుత్తు తీసుకుంటే అంత గట్టిగా లాగుతుంది. ఆ లాగుడును జయించడానికి ఎవరో ఒకరు శ్రమపడాలి. సైకిలు అయితే తొక్కేవాడి కాళ్లు, బండి అయితే ఎద్దుల మెడలు. ఊరికే పోతున్న తిరుగుడు అనేది ఎక్కడా లేదు.

ఇక మిగిలింది లెక్క. శ్రమ ఉందని తేలింది సరే, అది ఎంత? జుల్మ్ అనే మాటకు అర్థం శ్రమ ఉండటంలో లేదు, దాని పరిమాణంలో ఉంది. ఉంది, లేదు అని వాదించుకునేవారికి ఎంత అని అడగడం గుర్తుకురాదు. మా తరగతి గదుల్లో కూడా ఇది తరచుగా జరుగుతుంది.

మాస్టారు కాగితం తీశారు. మామూలు సైకిల్ డైనమో ఇచ్చేది ఆరు వోల్టుల వద్ద మూడు వాట్లు. అది పొదుపైన యంత్రం కాదు. మూడు వాట్లు ఇవ్వడానికి దాదాపు పది వాట్ల శ్రమ మింగుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు; మంచి ఎద్దుల జత కలిసి గంటల తరబడి చేయగలిగే పని సుమారుగా అంతే. బండి నడక సెకనుకు ఒక మీటరు, అంటే గంటకు మూడున్నర కిలోమీటర్లు అనుకుంటే, పది వాట్లకు అయ్యే అదనపు లాగుడు దాదాపు ఒక కిలో. బావి గిలక మీదుగా తాడు వేసి, అవతల కిలో బరువు వేలాడదీసి, ఇవతల పట్టుకుని నడిస్తే ఎంత భారమో ఆ జతకు కలిపి అంత భారం.

ఇది ఎక్కువా తక్కువా? బండితో సహా పది క్వింటాళ్లు ఉందనుకుందాము. నున్నటి తారు రోడ్డు మీద గాలి టైర్ల బండిని కదిలించడానికి బరువులో సుమారు నూటికి రెండు వంతుల లాగుడు, అంటే ఇరవై కిలోలు కావాలి. మట్టి బాటలోకి దిగితే అది రెండింతలో మూడింతలో అవుతుంది. ఇరుసుకు కందెన సరిగా లేకపోయినా, టైర్లలో గాలి తగ్గినా పెరుగుతుంది. ఆ పెరుగుదల ముందు కిలో లెక్కలోనిది కాదు. అయినా సున్నా కూడా కాదు. ఇరవై మీద ఒకటి అంటే నూటికి అయిదు.

అక్కడ మా విద్యార్థి ఒక మాట అన్నాడు. ఈ వ్యాసమంతా రాయడానికి ఆ మాటే కారణం. "హజ్రత్, నూటికి అయిదు బరువు తగ్గిస్తే సరిపోతుంది కదా! పది క్వింటాళ్లలో యాభై కిలోలు. ఇటుక మూడు కిలోలు. దీపం పెట్టిన ఖేపులో పదిహేడు ఇటుకలు తక్కువ వేస్తే ఎద్దులకు ఏమీ తేడా తెలియదు."

మాస్టారు మా వైపు చూశారు. మేము ఆయన వైపు చూశాము. ముప్పై ఏళ్లుగా పుస్తకాల్లో హక్కులూ బాధ్యతలూ చదివి చెబుతున్నాము గాని, పశువు హక్కును ఇటుకల్లో లెక్కగట్టి చేతిలో పెట్టిన శిష్యుణ్ని అంతకుముందు చూడలేదు.

ఆ శుక్రవారం జుమా తరువాత వాడి తండ్రి వద్దకు వెళ్లాము. ఎద్దులు కొట్టంలో ఉన్నాయి. మెడల మీద పుండ్లు లేవు, తోకలు విరిగి లేవు. బండి నొగల మధ్య ముల్లుగర్ర లేదు. ఆ మనిషి మనసేమిటో మాకు అక్కడే తెలిసింది. ఒక అన్సారీ తోటలో ఒంటె తనను చూసి కన్నీరు కార్చగా, దైవప్రవక్త (సఅసం) దాని యజమానిని పిలిపించి, ఆకలితో ఉంచి అతిగా పని చేయిస్తున్నావని అది ఫిర్యాదు చేసిందని మందలించిన సంఘటన అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఆయనకు ఆ హదీసు తెలుసు. మేము చెప్పబోతే ఆయనే అందుకుని చెప్పాడు. ఆయనకు తెలియనిది దేశ చట్టం. బండి పశువుల విషయమై 1965 నుండి కేంద్ర ప్రభుత్వ నియమాలు ఉన్నాయి: రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు, విశ్రాంతి లేకుండా వరుసగా అయిదు గంటలు దాటరాదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు కాడి కట్టరాదు, ముల్లుగర్ర వాడరాదు. ఇది విని ఆయన నవ్వాడు. "మా ఎండల్లో ఆ పన్నెండు, మూడు నియమం పాటిస్తే ఆఖరి ఖేపు చీకట్లోనే పడుతుంది మౌలానా సాబ్. ఎద్దుకు ఎండ తప్పిస్తే మనిషికి లారీ ఎదురవుతుంది."

ఆ మాట మమ్మల్ని గట్టిగా తాకింది. పశువు మీద దయ చూపినందువల్లనే బండి చీకట్లో రోడ్డెక్కుతోంది. కాబట్టి చీకటికి దీపం కూడా ఆ దయలో భాగమే. లారీ గుద్దితే ముందు దెబ్బ తినేది మనిషి ఒక్కడే కాదు. కుడిపక్క ఎద్దు సంగతి మేము చూశాము.

పదిహేడు ఇటుకల లెక్క కొడుకు చేతనే చెప్పించాము. తండ్రి వేళ్ల మీద కూలి లెక్కవేసుకుని, "పోయేది ఎంతలే, పోనీ" అన్నాడు. తరువాత కొడుకు వైపు తిరిగి, "అయితే నేను చెప్పింది తప్పు కాదు కదా?" అని అడిగాడు. "తప్పు కాదు అబ్బా" అన్నాడు వాడు. వారం తరువాత ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాటలు అవేనని వాడి తల్లి పరదా వెనుక నుండి చెప్పింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాము. కాలేదు. అసలు లోపం రెండోసారి డైనమో కట్టి ఊరి బాటలో నడిపినప్పుడు బయటపడింది. సైకిలు గంటకు పదిహేను కిలోమీటర్లు పోతుంది. డైనమో ఆ వేగానికి చేసినది. బండి వేగం అందులో నాలుగో వంతు. ఎద్దులు నడుస్తుంటే దీపం మిణుకుమిణుకుమనేది తప్ప పది అడుగుల దూరానికి కూడా కనిపించలేదు. పిల్లవాడు పాత సామాన్ల కొట్టు నుండి ఒక సైకిలు వెనుక చక్రం తెచ్చాడు. బండి చక్రం కుండకు సైకిలు పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం బిగించాడు. దానికి నలభై ఎనిమిది పళ్లు. అక్కడి నుండి చైను వేసి, నొగకు అమర్చిన సైకిలు చక్రం మీది పద్దెనిమిది పళ్ల ఫ్రీవీలును తిప్పించాడు. బండి చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు చక్రం రెండున్నరకు పైగా తిరుగుతుంది. డైనమో ఆ సైకిలు టైరుకు ఆనుతుంది. ఎద్దులు నడక మార్చకుండానే సైకిలు చక్రం అంచు గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగం అందుకుంది. దీపం బాగా వెలిగింది. బండి వెనక్కు జరిగినా ఫ్రీవీలు వల్ల ఏదీ విరగదు.

ఆ సాయంత్రం బండి వెంట మేమూ నడిచాము. పెద్ద రోడ్డు ఎక్కకముందే ఎడమ గిత్త మూత్రానికి ఆగింది. ఎద్దు ఆగితే బండి ఆగింది, బండి ఆగితే చక్రం ఆగింది, దీపం ఆరిపోయింది. చీకట్లో అలాగే నిలబడ్డాము. నడిచే బండి కన్నా నిలబడిన బండికే వెలుగు ఎక్కువ అవసరం. ఆ దీపం మాత్రం సరిగ్గా అప్పుడే ఆరుతుంది. ఆ నిమిషంలో మాకు ఏమి గుర్తుకొచ్చి ఉంటుందో పాఠకులు ఊహించగలరు. ఈ దీపంతో పెద్ద రోడ్డు ఎక్కవద్దని అక్కడే ఖండితంగా చెప్పాము. పిల్లవాడు మారు మాట్లాడలేదు.

మళ్లీ మాస్టారే దారి చూపారు. డైనమో విద్యుత్తు దిశ మార్చుకుంటూ వస్తుంది. బ్యాటరీకి అది పనికిరాదు. నాలుగు డయోడ్లు కలిపితే ఒకే దిశలో ప్రవహిస్తుంది. పాడైన ఎమర్జెన్సీ లైట్లలో నాలుగు వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. డైనమో ఆ బ్యాటరీని నింపుతుంది, బ్యాటరీ దీపాన్ని వెలిగిస్తుంది. బల్బుకు బదులు ఎల్‌ఈడీ పెడితే ఒక వాటు కూడా ఖర్చు కాకుండా దూరానికి కనిపిస్తుంది. వరిగడ్డి తోలేటప్పుడు లాంతరు మంటతో ఉండే అగ్ని భయమూ ఉండదు. అయితే గడ్డి బండి వెనుక భాగం మూడు నాలుగు అడుగులు బయటికి పొంగి దీపాన్ని దాచేస్తుంది. అందుకని దీపాన్ని వెదురు గడకు కట్టి గడ్డి అంచు దాటి వేలాడదీయాలన్నది తండ్రి సలహా. బండి నడిపేవాడికి తప్ప ఇది తోచదు.

ఊళ్లో ఇది చూసిన కొందరు యువకులు ఇంకా ముందుకు వెళ్లారు. పెద్ద జనరేటరు కట్టి రోజంతా బ్యాటరీలు నింపితే ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతాయి కదా అన్నారు. ఈసారి లెక్క మేమే వేయగలిగాము. ఒక్క యూనిట్ కరెంటు కోసం ఆరు గంటలు బండి నడిపితే గంట గంటకూ 167 వాట్లు రావాలి. యంత్రంలో సగం పోతుందనుకుంటే ఎద్దులు అదనంగా 333 వాట్లు పెట్టాలి. అంటే ముప్పై నాలుగు కిలోల లాగుడు. జత శక్తిలో దాదాపు సగం. తీగ మీద కొన్ని రూపాయలకు దొరికే యూనిట్ కోసం రెండు ప్రాణులు ఆరు గంటల పాటు సగం బలం ధారపోయాలి. ఇది మాత్రం నిస్సందేహంగా జుల్మే అని చెప్పాము. ఒకే చక్రం, ఒకే డైనమో. ఎంత అన్నదాన్ని బట్టి జవాబు తలకిందులైంది. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టరు ప్రొఫెసర్ ఎన్.ఎస్. రామస్వామి గారు అంత పెద్ద పదవిలో ఉండి కూడా ఎద్దుబండి మీద దృష్టి పెట్టి, మెడను కోయని కాడి, తేలికగా తిరిగే చక్రం కావాలని దశాబ్దాల పాటు మొత్తుకున్నారు. ఉన్న భారం తగ్గించడమే ఇంకా పూర్తికాని చోట కొత్త భారం మోపే తొందర ఎందుకు?

నిజం చెప్పాలంటే ఈ రోజుల్లో అరచేతి వెడల్పు సౌర పలక ఒకటి బండి మీద పెట్టినా ఆ చిన్న బ్యాటరీ నిండుతుంది. ఎద్దుకు ఆ కిలో కూడా తప్పుతుంది. కొనగలిగినవారు అదే పెట్టుకోవడం మేలు. మా విద్యార్థి మాత్రం ఇంట్లో పడి ఉన్న డైనమోతో, పాత సామాన్లతో పని జరుపుకున్నాడు. వానాకాలం మబ్బుల్లో తన దీపమే గెలుస్తుందని వాడి పట్టుదల. ఇక వెనుక చెక్కకు ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించుకోవడానికి ఎవరి అనుమతీ, ఏ లెక్కా అక్కర్లేదు. లారీ వెలుగునే లారీకి తిప్పి చూపుతాయి. బురద పడితే పని చేయవు గనుక రోజూ తుడవాలి. బండి ఉన్న ప్రతి ఇంట్లో ఆ తుడిచే పని పిల్లలకు అప్పగిస్తే, పని పూర్తయిందో లేదో పెద్దలు ఒకసారి వెళ్లి చూడండి.

మొన్న ఆదివారం ఆఖరి ఖేపుకు మేము కూడా ఆ బండి ఎక్కాము. పదిహేడు ఇటుకలు బట్టీ వద్దే దించాము. మా బరువు లెక్కలోకి రాలేదని తండ్రి గుర్తు చేస్తే మరో ఇరవై రెండు దించాము. రైల్వే గేటు దగ్గర బండి ఆగింది. వెనుక ఒక లారీ వచ్చి దూరంగానే వేగం తగ్గించుకుని నిలిచింది. గేటు తెరుచుకునేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ దీపం వెలుగుతూనే ఉంది. మేము దిగి వెనక్కు వెళ్లి దాన్ని చూస్తూ నిలబడ్డాము. ఎందుకు దిగారని పిల్లవాడు అడగలేదు.

ఇంటికి చేరాక చైను చూస్తే నిండా ఇటుక దుమ్ము. వానలు మొదలైతే బురద పట్టి తెగిపోతుందని తండ్రి అన్నాడు. కొడుకు అప్పటికే పాత నూనె డబ్బా ఒకటి తెచ్చి, చైనుకు మూత చేయడానికి రేకు కత్తిరించడం మొదలుపెట్టాడు.